దొడ్డమ్మ నిలబడ్డ చోటు

మొదటి మాట
ఆకాశం: ఉతికి ఆరేసినట్టుంది

చెవిపెట్టే, వింటున్నావా? నీ మూత మీద ఎర్రదీపం వెలిగింది కాబట్టి వింటున్నావనే అనుకుంటాను.

నా పేరు సైదు నాంచారమ్మ. మాది తెప్పూరు. అదెక్కడుందని అడిగితే, ఇవాళ ఇక్కడుందని చెప్పగలను. రేపటి సంగతి గాలికి తెలుసు. కిక్కిస గడ్డి మోపులూ పాత డ్రమ్ములూ కలిపి కట్టిన ఊరు మాది. సరస్సు మీద తేలుతూ ఏడాది పొడుగునా తిరుగుతుంది. నాకు చదువు రాదు, నోరు వచ్చు. నేనెలా మాట్లాడినా నువ్వు యాసంతా కడిగి పుస్తకంలో ఉన్నట్టు రాస్తావని మబ్బుల కచేరి అమ్మాయి చెప్పింది. రాసుకో. తిట్టిన చోట మాత్రం తిట్టు తీసేయకు. అది నా ఫిర్యాదులో భాగం.

ఫిర్యాదు ఇదీ. మా దొడ్డమ్మను తోలుకుపోతామంటున్నారు.

దొడ్డమ్మ మనిషి కాదు, మబ్బు. వానాకాలంలో మధ్యాహ్నం దాటాక నేరేడుపండు రంగులో లేచి, సగం ఆకాశం ఆక్రమించి, మెరుపులు కురిపించి, చీకటి పడేలోపు కరిగిపోతుంది. మా అమ్మమ్మ కాలంలో సముద్రం గట్టు తెంపుకుని వచ్చి ఈ సరస్సులో కలిసింది. అప్పటినుంచి నీళ్ళన్నీ ఉప్పే. దొడ్డమ్మ పోసేదే మాకు తాగేనీరు. ఆమె వచ్చిందంటే ఊరంతా చుట్టాలొచ్చినట్టు సంబరపడతాం. కుండలన్నీ వెల్లకిలా పెట్టి, "రా దొడ్డమ్మా, కూర్చో దొడ్డమ్మా" అంటాం.

ఎగువన రాళ్ళపట్నంలో ఏళ్ళ తరబడి వాన లేదట. మబ్బుల లెక్కలు చూసే సర్కారు కచేరివాళ్ళ దగ్గర వాటిని తోలే గాలిఓడలున్నాయి. తిరుగుడు మబ్బు ఎవరిదీ కాదు, పట్టుకున్నవాళ్ళదే. ఒకేచోట కాపురమున్న మబ్బయితే ఆ చోటివాళ్ళది. అదీ చట్టం. దొడ్డమ్మ తిరుగుడు మబ్బని కాగితాలు సిద్ధం చేశారు.

"కాదని నిరూపించండి మామ్మగారూ" అంది కచేరి అమ్మాయి. పేరు హిమజ. పడవ ఊగినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది పాపం. "ఈ కెమెరా తీసుకోండి. దీనితో తీసిన ఫొటో చెరపడం కుదరదు. వచ్చే పున్నమిదాకా గడువు. ప్రతి ఫొటోలో కదలని గుర్తు ఒకటి పడాలి, మరిచిపోకండి."

"ఇంతమందిలో నాకే ఎందుకమ్మా?"

"లాంచి దిగకముందే మీ అరుపు వినపడింది."

రెండో మాట
ఆకాశం: ఈశాన్యాన ఉడుకుతోంది

కదలని గుర్తంటే ఏముంటుంది? ఇల్లే. మా ఇంటి కప్పుకొన మీద గాలివాటం చూపే రేకుకోడి ఒకటి ఉంటుంది. దాన్ని ఫొటో మూలన పడేలా చూసుకున్నాను.

పొద్దున్నే కెమెరా మెళ్ళో వేసుకుని దోనె విప్పాను. పక్కింటి గుమ్మంలో నా తోడికోడలు లంకమ్మ బాతుకు తవుడు పెడుతోంది. ఎండుచేపలు ఆరేసే తాడు ఎవరిదన్న దగ్గర నాకూ దానికీ మాటలు పోయాయి. ఆ తాడు ఎప్పుడో తెగిపోయింది. మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఏం చెప్పాలన్నా అది బాతుకి చెబుతుంది.

"ఏమే బాతూ, మీ పెద్దమ్మ మెళ్ళో అదేంటే? ఈ వయసులో గొలుసు చేయించుకుందా?"

నాకు బాతు లేదు. గాలికి చెప్పాను. "కళ్ళు లేనోళ్ళకి కెమెరా కూడా గొలుసులాగే కనపడుద్ది."

"మూటలో అన్నం పెట్టానని చెప్పవే బాతూ. తింటే తినమను, లేకపోతే చేపలకెయ్యమను."

దోనెలో గుడ్డమూట ఉంది. చేపలపులుసు కలిపిన అన్నం. ఉప్పు ఎక్కువైంది. అయినా తిన్నాను.

మూడో మాట
ఆకాశం: దొడ్డమ్మ

ఇన్నాళ్ళూ ఆమెను కుండలు పట్టుకునే చూశాను. వాన వస్తే ఆడవాళ్ళకు ఆకాశం చూసే తీరికెక్కడిది? ఊరు గాలివాటున పోతూ ఉంది, నేను దాని వెంటే, ఎప్పుడూ మా ఇంటి ముందువైపే దోనె ఉంచుకుంటూ కొన్నాళ్ళుగా ఇదే పనిగా చూస్తున్నాను. ముందు నీళ్ళు నిలిచిపోతాయి. అద్దంలా కాదు, ఊపిరి బిగపట్టిన మనిషిలా. కొంగలు ఎగరడం మాని గడ్డిలో దిగుతాయి. తర్వాత సరస్సు నడుమన తెల్లటి బొడిపె ఒకటి లేస్తుంది, పాలు పొంగినట్టు. చూస్తుండగానే అది గోపురమవుతుంది, కొండవుతుంది, అడుగున నల్లబడి పైన బంగారు రంగు తిరుగుతుంది. దాని కింద ఎక్కడో సన్నటి వెలుతురు గీత, తలుపు సందులోంచి పక్కగదిలో దీపం కనపడినట్టు.

నిన్న ఒక నీళ్ళతాడు దిగింది. మబ్బులోంచి సరస్సుకి దిగి, వయ్యారంగా ఊగి, మళ్ళీ పైకి చుట్టుకుపోయింది. జడ విప్పి మళ్ళీ ముడేసుకున్నట్టుంది. మెరుపులు నీళ్ళ మీద నడుస్తుంటే వాటి నీడలు నీళ్ళ కింద చేపల్లా పరిగెత్తాయి. ఉరుము చెవులకు వినపడే ముందు దోనె అడుగుచెక్కకు వినపడింది. చీరకొంగుతో కెమెరా కన్ను తుడుచుకుంటూ, రేకుకోడి మూలన పడిందో లేదో చూసుకుంటూ, తీసిందే తీశాను. ఒళ్ళంతా తడిసింది. నోరు తెరిచి తాగాను. తియ్యగా ఉంది.

ఆ కాసేపూ ఫిర్యాదు సంగతే మరిచిపోయాను. ఇది రాయకు. సరే, రాస్తే రాయి.

నాలుగో మాట
ఆకాశం: మసకగా, ఏ ఉద్దేశమూ లేనట్టు

ఇవాళ కచేరి లాంచిలో విచారణ. నేను తీసిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచారు. హిమజ ఒక్కొక్కటే చూసి మొహం దించుకుంది.

"మామ్మగారూ, ఈ మొదటి ఫొటోలో మబ్బు మీ ఇంటికి ఎడమవైపుంది. దీంట్లో ఇంటి వెనకుంది. దీంట్లో కుడిపక్కకు వచ్చేసింది. ఇల్లు కదలదన్నారు. అంటే మబ్బు మీ ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టే కదా?"

నా ఫొటోలే నా మెడకు చుట్టుకున్నాయి.

"కోపం తెచ్చుకోకండి. రాళ్ళపట్నంలో మా అమ్మ రోజూ బిందె పట్టుకుని లైన్లో నిలబడుతుంది. నాకూ ఈ ఫొటోలు చూస్తే..." అని ఆగిపోయింది. "ఇంత అందంగా ఉంటుందనుకోలేదు."

బల్ల మీదికి వంగాను. చూసేందుకు కాదు, మొహం దాచుకునేందుకు. అప్పుడు కనపడింది. మబ్బు అడుగున, వాన తెర ముందు, నీళ్ళలోంచి లేచిన ఒక గెడ. దాని కొసన పసుపురంగు పైపు ముక్క. పక్క ఫొటోలోనూ మబ్బు కిందే అదే గెడ, అదే పసుపు ముక్క.

అది మా ఆయన గెడ.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. దోనె నడిపే గెడను నీళ్ళలో దించాలి, నెట్టాలి, ఎత్తాలి. దించి వదలకూడదు. మనిషి పోయినప్పుడు మాత్రం జన్మంతా వాడిన గెడను నడి సరస్సులో దింపి, గట్టిగా నాటి, అక్కడే వదిలేస్తాం. ఆగిపోవడం చచ్చినవాళ్ళ హక్కు. బతికినవాళ్ళు ఆగం. మా ఆయన గెడ కొస విరిగితే అంగుళం తేడా రాకుండా పైపు ముక్క తొడిగాడు. ఆ పసుపు నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

"అమ్మాయీ," అన్నాను, "మా ఇల్లు కదులుతుంది."

"అదేంటి?"

"తెప్పూరు కదా. తేలుతుంది. పుట్టినప్పటినుంచీ దాని మీదే ఉన్నాను, ఇల్లు కదలడమేంటని అనుకున్నాను. తిరిగేది దొడ్డమ్మ కాదు, మేం. ఆమె మా ఇంటికి వస్తోందని ఇన్నాళ్ళూ కుండలు పెట్టి పిలిచాం. చుట్టం ఆమె కాదే తల్లీ, మేమే."

హిమజ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. నవ్వలేదు. "కదలని చోటునుంచి తీసిన ఫొటోలు కావాలి మామ్మగారూ. రోజుకొకటి, పున్నమిదాకా. రెండు ఫొటోలతో పైవాళ్ళు ఒప్పుకోరు."

కదలని చోటు. ఈ సరస్సులో కదలని చోట్లు చచ్చినవాళ్ళవి తప్ప లేవు.

ఐదో మాట
ఆకాశం: ఎర్రగా, అలిసిపోయినట్టు

కట్టేశాను.

దోనె ముందు కొసను మా ఆయన గెడకు కట్టేశాను. ముడి వేస్తుంటే వేళ్ళు మొరాయించాయి. నాటిన గెడకు దోనె కట్టడం ఎన్నడూ చేయని పని కదా. ముడి బిగిశాక దోనె కాస్త అటూ ఇటూ తల విదిలించి, కట్టేసిన దూడలా నిలబడింది. నీళ్ళు మాత్రం నన్ను దాటి పోతూనే ఉన్నాయి. ఆగడమంటే ఇలా ఉంటుందని తెలియదు. లోకమంతా ఎక్కడికో ప్రయాణమై వెళ్తుంటే నేనొక్కదాన్నే రేవులో దిగిపోయినట్టుంది.

"ఏమయ్యా, వచ్చాను" అన్నాను. గెడ ఏమంటుంది? బతికున్నప్పుడూ ఆయన అంతే మాట్లాడేవాడు.

గెడకు దోనె కట్టేసి ఆగిపోయిన మనిషి చచ్చినవాళ్ళ లెక్క అని నాకు తెలుసు. ఊరికీ తెలుసు. తెప్పూరు నెమ్మదిగా నా పక్కనుంచి పోతోంది. గుమ్మాల్లో అందరూ నిలబడి ఉన్నారు. ఒక్కరూ నావైపు చూడరు.

ఆరో మాట
ఆకాశం: పట్టించుకోలేదు

నా దినం ఇవాళే పెట్టారు. నేను చూస్తుండగానే. నా కుండ బోర్లించారు. నాకు పిల్లల్లేరు కాబట్టి ఎవరు ఏడవాలన్న సందేహం వచ్చినట్టుంది. లంకమ్మ మొదలెట్టింది. "ఎంత మంచిదానివే అక్కా, నీ నోరే నీకు శత్రువే అక్కా" అని గుండెలు బాదుకుంది. బతికుండగా నా గురించి అంత బాగా ఒక్కనాడూ మాట్లాడలేదు ఆ దొంగముండ. తిట్టు తీసేయకు.

దాటి వెళ్ళిపోయారు. రేకుకోడి చాలాసేపు కనపడింది.

ఏడో మాట
ఆకాశం: దొడ్డమ్మ నా నడినెత్తిన

రోజూ ఇక్కడే లేస్తుంది. వేలెత్తి చూపించక్కర్లేదు, తల పైకెత్తితే చాలు. మబ్బు కింద ఉంటే మబ్బు కనపడదని ఇప్పుడు తెలిసింది. ఒక పెద్ద ఇంట్లో ఉన్నట్టుంది. గోడలు వాన. కప్పు మెరుపు. సరస్సంతా పరుచుకున్న గెడలు వాన వెలుతురులో ఒక్కొక్కటే బయటపడతాయి, ఇంటి మనుషులు ఒక్కొక్కరే వచ్చి వసారాలో కూర్చున్నట్టు. మా అత్త గెడ అదిగో. మా అమ్మది, దాని అవతల. ఎవరు ఎక్కడున్నారో ఇప్పటిదాకా తెలియదు. నాటేసి వెళ్ళిపోవడమే తప్ప ఎన్నడూ ఆగి చూడలేదు కదా.

వాన తగ్గాక ఒక దోనె వచ్చింది. దానిలో లంకమ్మ, ముందు కొసన బాతు. ఊరు రోజురోజుకీ దూరమవుతోంది. అంత దూరం నెట్టుకుంటూ వచ్చింది కాబోలు, రొప్పుతోంది. చచ్చినవాళ్ళతో మాట్లాడకూడదు. అది మాట్లాడలేదు కూడా.

"బాతూ, ఈ గెడ దగ్గర అన్నం పెట్టి పోదామే. మా బావగారికి పెట్టినట్టు ఉంటది."

నేను నీళ్ళవైపు చూస్తూ అన్నాను. "బావగారికి ఉప్పెక్కువైతే పడదు."

"గాలి ఏదో గొణుగుతోందే బాతూ. చచ్చినా ఈ గాలికి రుచులు పోలేదు." కొంగులో మొహం తుడుచుకుంది. "ఒళ్ళు నానిపోయి పులుసులో వడియంలా అయ్యిందే అది. జొరం వస్తే ఎవరు చూస్తారంట? అడగవే బాతూ."

బాతు నన్నే చూసింది. మూట విప్పి మొదటి ముద్ద దానికే వేశాను.

ఎనిమిదో మాట
ఆకాశం: పున్నమి మధ్యాహ్నం, గాలిఓడలు వచ్చి నిలబడ్డాయి

వెండిరంగు ఓడలు సరస్సు చుట్టూ గొర్రెల కాపరుల్లా నిలబడ్డాయి. హిమజ లాంచి నా దోనె పక్కకు వచ్చి ఆగింది. కళ్ళు మూసుకోకుండానే నా దోనెలోకి దిగింది. ఫొటోలన్నీ చూసింది. ప్రతిదాంట్లో గెడ కొస, పసుపు ముక్క, దాని నెత్తిన దొడ్డమ్మ. మా ఇద్దరి ఎదుటే నీళ్ళు ఊపిరి బిగపట్టాయి. తెల్ల బొడిపె లేచింది. మళ్ళీ ఇక్కడే.

"ఇంటి మబ్బే" అంది. "ఒప్పుకుంటున్నాం. కానీ మామ్మగారూ, చట్టంలో ఇంకో మాటుంది. ఇంటి మబ్బు దాని కింద కాపురమున్న మనిషిది. మీ ఊరు కాపురముండదు, తిరుగుతుంది. ఈ గెడలవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళు బతికిలేరు. ఈ చోటికి కట్టుకుని బతికున్నది మీరొక్కరే."

"మా ఊళ్ళో నా దినం అయిపోయిందే పిల్లా."

"మా కచేరిలో మీరు బతికే ఉన్నారు." మొదటిసారి కాస్త నవ్వింది. నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. "తాడు విప్పిన రోజు ఇక్కడ ఎవరూ లేనట్టే. ఓడలు వచ్చేస్తాయి. వర్షాకాలమంతా ఇలా ఉండగలరా? వచ్చే ఏడు? ఆపై ఏడు?"

నేను జవాబు చెప్పేలోపు వాన పడింది. ఇద్దరం తడిశాం. ఆ పిల్ల దోసిలి పట్టి, నీళ్ళు నిండాక తాగకుండా అలాగే చూస్తూ కూర్చుంది. వాళ్ళ అమ్మ గుర్తొచ్చి ఉంటుంది.

"ఇదిగో అమ్మాయీ," అన్నాను. "పొద్దు కుంకేవేళ దొడ్డమ్మ కొంగు విదిలిస్తుంది. చిన్న చిన్న మబ్బులు రాలి ఎటో కొట్టుకుపోతాయి. నా ఫొటోల్లో కూడా పడ్డాయి చూడు. అవి ఎవరివీ కావు. వాటికి ఇల్లు లేదు. తోలుకుపోండి."

"చాలవు మామ్మగారూ."

"చాలవని నాకూ తెలుసు. ఒక బిందెకైనా వస్తాయిగా. మీ అమ్మ లైన్లో ముందుందో వెనకుందో మరి."

దోసిట్లో నీళ్ళు తాగేసింది. లాంచి ఎక్కి ఓడలకు ఏదో సైగ చేసింది. అవి వెళ్ళిపోలేదు, దూరం జరిగాయంతే. సాయంత్రం దొడ్డమ్మ కొంగు విదిలిస్తే రాలిన ముక్కలను వలల్లో పట్టుకుని ఎగువకు పోయాయి, ఎర్రటి వెలుతురులో, ఏరుకున్న పూలు ఒడిలో వేసుకున్నట్టు. ఫొటో తీశాను. దానిలో గుర్తేదీ పెట్టలేదు. ఆ ఒక్కటీ నాకోసం.

తొమ్మిదో మాట
ఆకాశం: కడిగిన కంచం

మోకాళ్ళు వంగడం లేదు. ఇవాళ తెల్లవారాక తాడు ముడివైపు చూశాను. విప్పడానికి కాదు. చూశానంతే. ఒక్క పూట పొయ్యి దగ్గర కూర్చుని, పొడిచీర కట్టుకుని, ఒకరితో పోట్లాడాలనిపించింది. నేను లేస్తే దొడ్డమ్మ పోతుంది. ఊరంతా ఉప్పునీళ్ళలో మిగులుతుంది. కాబట్టి లేవను. ఇది నా మాటగా రాసుకో. ఈ గెడ పక్కనే నా గెడ నాటేదాకా లేవను.

ఇలా చెబుతుండగానే దోనె ఒకటి వచ్చింది. లంకమ్మ. నావైపు చూడకుండా, బాతువైపు చూడకుండా, ముందు కొస తాడు తీసి మా ఆయన గెడకు చుట్టి ముడేసింది.

"ఏయ్, ఏం చేస్తున్నావే!" అని అరిచాను.

తిరిగి నా మొహంలోకి చూసింది. ఎన్నేళ్ళయిందో అలా చూసి.

"అక్కా," అంది. "నేనూ చచ్చాను. చచ్చినోళ్ళు చచ్చినోళ్ళతో మాట్లాడితే తప్పేం లేదు. ఊళ్ళో పెద్దల్ని అడిగే వచ్చాను. తలగోక్కుని అవునన్నారు."

"నీకేమన్నా పిచ్చా?"

"నీకున్నంత లేదు. లే, నా దోనెకి వేరే తాడుంది, నీది విప్పుకుని పో. పోయి తలంటుకో. కంపు కొడుతున్నావు. నా పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. నువ్వెళ్ళే సరికి చల్లారతాయో ఏమో, గబగబా నెట్టు."

"ఊళ్ళోకి చచ్చినదాన్ని రానిస్తారా?"

"చచ్చినదానివి నువ్వెవరికి కనపడతావ్? నువ్వు తలంటుకుంటుంటే అందరూ అటు తిరిగి నిలబడతారంట. మాట్లాడుకున్నాం."

"మరి రేపో?"

"ఇవాళ్టికి నేను చస్తాను. రేపు కొండమ్మ చస్తానంది. ఎల్లుండి దాని ఆడబిడ్డ. ఆపైన నీ వంతు. ముందుకు రావద్దు, లైన్లో రావాలి." అన్నం మూట నా ఒళ్ళో పడేసింది. "ఉప్పు తగ్గించాను. ఎక్కువైతే ఆ తాడు గొడవలాగే చెప్పకుండా మింగు."

"ఆ తాడు నాదేనే."

"నాది" అంది లంకమ్మ. ఎంత హాయిగా ఉందో.

దోనె విప్పాను. తాడు వదలగానే ఒళ్ళంతా కదిలింది, ఎవరో చేయి పట్టుకుని నడిపించినట్టు. కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగాను. సరస్సు ఊపిరి బిగపట్టింది. ఆమె నడినెత్తిన తెల్లగా పొంగి, గోపురమై, కొండై, దొడ్డమ్మ లేచింది. కెమెరా ఎత్తాను. లంకమ్మ కొంగు సర్దుకుని, ఎక్కడ చూడాలో తెలియక బాతును ఒళ్ళోకి తీసుకుంది.

పెట్టే, ఇవాళ్టి నివాసి పేరు రాసుకో. సైదు లంకమ్మ. ఫొటో కూడా పంపుతున్నాను. కదలని గుర్తేదని కచేరివాళ్ళు అడిగితే చెప్పు. మబ్బు కింద మూతి ముడుచుకుని కూర్చున్న ఆవిడే.